నిధులు దిగువకు, సమాచారం ఎగువకు: బోయిన్‌పల్లి నేపథ్యంలో పర్యావరణ పాలన, కేంద్ర రాష్ట్ర సంబంధాలు

2021 జనవరి 31న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ప్రస్తావన వచ్చింది. అమ్ముడుపోక మిగిలిన, కుళ్ళిన కూరగాయల నుంచి అక్కడ విద్యుత్తు తీస్తున్నారన్నది దాని సారాంశం. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త, దాని నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం అన్న లెక్కలు ఆ తరువాత పత్రికలన్నింటిలోనూ వచ్చాయి. మార్కెట్‌లోని వీధిదీపాలు, దుకాణాలు, కార్యాలయ భవనం, నీటి సరఫరా ఆ విద్యుత్తుతో నడుస్తున్నాయనీ, ఇంధనం మార్కెట్ వంటశాలకు వెళ్తున్నదనీ అధికార ప్రకటనలు తెలిపాయి. ప్రచారంలో వెనుకబడిన అంశం ఒకటుంది. ఈ కర్మాగారానికి సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చినది హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). నిధులు ఇచ్చినవి కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, తెలంగాణ ప్రభుత్వ వ్యవసాయ మార్కెటింగ్ శాఖ. అంటే ఒక మార్కెట్ చెత్తకుప్ప దగ్గర కేంద్ర రాష్ట్రాలు రెండూ కలిశాయి.

ఈ కలయికను రాజ్యాంగం దృష్టితో చూస్తే కొంత వింతగానే ఉంటుంది. ఏడో షెడ్యూలు ప్రకారం మార్కెట్లు, సంతలు రాష్ట్ర జాబితాలో 28వ అంశం. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం అదే జాబితాలో 6వ అంశం. వ్యవసాయం 14వది. బోయిన్‌పల్లి మార్కెట్ ఏ విధంగా చూసినా రాష్ట్ర పరిధిలోనిది. అయినా అక్కడికి కేంద్ర ధనం రావడానికి 282వ అధికరణం దారి ఇస్తుంది. శాసనం చేసే అధికారం లేని విషయంలో కూడా ప్రజాప్రయోజనం కోసం గ్రాంటు ఇవ్వవచ్చునని ఆ అధికరణం చెబుతుంది. పర్యావరణ రంగంలో కేంద్రం రాష్ట్ర గడప దాటి లోపలికి వచ్చిన సందర్భాలలో చాలా భాగం శాసనం ద్వారా కాక ఈ గ్రాంటుల ద్వారానే జరిగాయి. ఇక్కడ గ్రాంటు ఇచ్చినది పర్యావరణ మంత్రిత్వశాఖ కాదు, విజ్ఞానశాస్త్ర విభాగం అన్నది కూడా గమనింపదగినది. పర్యావరణ నిధుల చరిత్రను ఆ మంత్రిత్వశాఖ బడ్జెట్ పద్దుల్లోనే వెతికే పరిశోధకుడికి బోయిన్‌పల్లి కనిపించదు.

శాసనం వచ్చిన దారి

రాష్ట్రాల జాబితాలో ఉన్న ‘నీరు’ (17వ అంశం) మీద పార్లమెంటు శాసనం చేయడానికి 252వ అధికరణం ఒక సూటి మార్గం. రెండు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి కోరితే పార్లమెంటు చట్టం చేయవచ్చు. మిగిలిన రాష్ట్రాలు తరువాత తీర్మానంతో స్వీకరించవచ్చు. 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టం అలా పుట్టింది. దాని పీఠికలో పన్నెండు రాష్ట్రాల పేర్లున్నాయి: అస్సాం, బిహార్, గుజరాత్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, జమ్మూకాశ్మీర్, కర్ణాటక, కేరళ, మధ్యప్రదేశ్, రాజస్థాన్, త్రిపుర, పశ్చిమబెంగాల్. ఆంధ్రప్రదేశ్ ఆ వరుసలో లేదు. తరువాత చేరింది, 1976లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. రాష్ట్రాల అంగీకారం మీద ఆధారపడిన ఈ పద్ధతి ఆ తరువాత కొనసాగలేదు. 1972 స్టాక్‌హోం సమావేశ నిర్ణయాల అమలు అన్న ఆధారంతో, 253వ అధికరణం కింద 1981లో వాయు కాలుష్య చట్టం, భోపాల్ దుర్ఘటన అనంతరం 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. వీటికి రాష్ట్రాల తీర్మానాలతో పని లేదు. అడిగి చేసిన చట్టం నుంచి అడగకుండా చేసిన చట్టానికి ప్రయాణం ఏడేళ్ళలో పూర్తయింది.

ఆ నడుమ వచ్చిన 1977 నీటి సెస్సు చట్టం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. పరిశ్రమలు, స్థానిక సంస్థలు వాడే నీటి మీద సెస్సు వసూలు చేసేది రాష్ట్రం. జమ అయ్యేది కేంద్ర సంచిత నిధిలో. అక్కడి నుంచి, రాష్ట్రం వసూలు చేసిన మొత్తాన్ని దృష్టిలో ఉంచుకొని, కేంద్రం తిరిగి రాష్ట్ర మండలికి ఇస్తుంది. తన ఊళ్ళో వసూలైన ధనం ఢిల్లీ దాకా వెళ్ళి, గ్రాంటు రూపం ధరించి తిరిగి రావడం అనే విన్యాసం సమాఖ్య ఆర్థిక చరిత్రలో మరీ అరుదైనది కాకపోయినా, మండలుల ఉద్యోగుల జీతభత్యాలు సైతం దీనితో ముడిపడి ఉండటం వల్ల దాని ప్రభావం పెద్దది. సెస్సులో ధనంతో పాటు మరొకటి కూడా ఉంది. సెస్సు కట్టేవారు నీటి మీటరు బిగించుకోవాలి, ఎంత నీరు ఏ పనికి వాడారో నిర్ణీత నమూనాలో నివేదించాలి. అంటే ఆ చట్టం పన్ను చట్టమే కాదు, నీటి వినియోగ లెక్కల చట్టం కూడా. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఎన్నో సెస్సులతో పాటు ఇదీ రద్దయింది. దానివల్ల మండళ్ళు కోల్పోయిన ఆదాయం గురించి చర్చ జరిగింది. దానితో పాటు పోయిన నీటి లెక్కల గురించి జరగవలసినంత చర్చ జరగలేదు.

కొలిచేవారు, పొందేవారు

గాలి విషయంలో నిధులకూ సమాచారానికీ ఉన్న ముడి మరింత బిగుసుకుంది. 2019 జనవరిలో జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం మొదలైంది. ప్రమాణాలు అందుకోని నగరాల తొలి జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు ఉన్నాయి. మరుసటి ఏడాది పదిహేనో ఆర్థిక సంఘం, పది లక్షలకు పైబడిన జనాభా గల 42 నగర సముదాయాలకు గాలి నాణ్యత కోసం 2020-21లో 4,400 కోట్లు, ఆ తరువాతి అయిదేళ్ళకు 12,139 కోట్లు సిఫారసు చేసింది. హైదరాబాద్ వాటిలో ఒకటి. ఇవి మామూలు గ్రాంటులు కావు, ఫలితంతో ముడిపడినవి. గాలిలో ధూళికణాల వార్షిక సగటు తగ్గిందా, మంచి గాలి వీచిన రోజులు పెరిగాయా అన్న లెక్కను బట్టి తరువాతి విడత వస్తుంది.

ఆ లెక్క ఎక్కడిది? బోయిన్‌పల్లికి నైరుతి దిశలో సనత్‌నగర్, ఉత్తరాన కొంపల్లి నిరంతర పరిశీలన కేంద్రాలు ఉన్నాయి. వాటిని నడిపేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కొలతలు చేరేది కేంద్ర మండలికి. ప్రమాణాలు నిర్ణయించేది కేంద్రం. నిధులు పొందేది రాష్ట్రంలోని నగర పాలక సంస్థ. కొలిచే చెయ్యీ, పుచ్చుకొనే చెయ్యీ ఒకే ప్రభుత్వానివి కావడం ఏ ఒక్కరి తప్పూ కాదు. ఏర్పాటులోనే ఉన్న ఇబ్బంది. పరిశీలన కేంద్రాన్ని రద్దీ కూడలిలో పెట్టడానికీ, విశ్వవిద్యాలయం చెట్ల మధ్య పెట్టడానికీ సంఖ్యలో తేడా ఉంటుంది. కూడలి గాలిని నిజాయితీగా కొలిచిన రాష్ట్రం నిధి పోగొట్టుకొనే అవకాశం ఉన్నప్పుడు, సమాచారం పంచుకోవడం సహకారంగా మిగలడం కష్టం.

ఇటువంటి చిక్కు అమెరికాలోనూ ఎదురైంది. అక్కడ 1993లో రాష్ట్రాల పర్యావరణ శాఖల అధిపతులు తమ సంఘం ఒకటి ఏర్పరచుకొన్నారు. 1995లో సమాఖ్య సంస్థకూ రాష్ట్రాలకూ మధ్య పనితీరు భాగస్వామ్య ఒప్పందాల పద్ధతి వచ్చింది. అనంతర కాలంలో రాష్ట్రాలు సమాచారాన్ని ఒకే తీరులో ఇచ్చిపుచ్చుకోవడానికే ప్రత్యేక గ్రాంటులు ఇచ్చారు. సమాచారం గ్రాంటుకు షరతుగా కాక గ్రాంటు ఇవ్వదగిన పనిగా గుర్తింపు పొందడం అక్కడి విశేషం. అక్కడ కూడా వివాదాలు తీరలేదు కాని, లెక్క రాసే పనికి ఖర్చవుతుందన్న సంగతి కనీసం ఒప్పుకొన్నారు.

బోయిన్ చెరువు హద్దులు

బోయిన్‌పల్లి పాలనా పటం ఈ చర్చకు ప్రత్యేకంగా పనికివస్తుంది. పాత బోయిన్‌పల్లి హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో భాగంగా ఉండగా, కొత్త బోయిన్‌పల్లి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంటూ వచ్చింది. కంటోన్మెంట్ల స్థానిక పాలన కేంద్ర జాబితాలో 3వ అంశం. అవి రక్షణ మంత్రిత్వశాఖ కిందివి. రెండు వీధుల మురుగు ఒకే నాలాలో కలిసినా, ఆ నాలా బాగుకు అర్జీ పెట్టవలసిన ప్రభుత్వాలు రెండు. రాష్ట్రాలు తమకు వచ్చే స్థానిక సంస్థల గ్రాంటులో తమ సరిహద్దులోని కంటోన్మెంట్ బోర్డులకు జనాభాను బట్టి వాటా ఇవ్వాలని పదిహేనో ఆర్థిక సంఘం ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే, అంతవరకూ ఆ వాటా ఎవరి ఖాతాలోనూ స్పష్టంగా లేదన్నమాట.

హస్మత్‌పేట చెరువుకు బోయిన్ చెరువు అనే పేరు కూడా ఉంది. ఒక చెరువు హద్దు తేల్చాలంటే ఏమేమి కావాలో దాన్నిబట్టి చూడవచ్చు. మొదటిది సర్వే ఆఫ్ ఇండియా పటం, అది కేంద్రానిది. రెండోది ఉపగ్రహ చిత్రం, అదీ కేంద్రానిదే. 1974లో సికింద్రాబాద్‌లో మొదలైన జాతీయ సుదూర గ్రాహక సంస్థ 2008లో ఇస్రోలో అంతర్భాగమై ఎన్‌ఆర్‌ఎస్‌సీగా మారింది. దాని కార్యాలయం బోయిన్‌పల్లి పక్కనే బాలానగర్‌లో ఉంది. మూడోది గ్రామ పటం, సేత్వార్, పహాణీ. ఇవి రాష్ట్ర రెవెన్యూ శాఖవి. 2024లో ఏర్పడిన హైడ్రా చెరువుల ఆక్రమణలను తేల్చడానికి ఈ మూడింటినీ దగ్గర పెట్టుకోవలసి వచ్చింది.

ఉపగ్రహ చిత్రాలు చాలాకాలం రాష్ట్రాలకు కూడా స్వేచ్ఛగా అందలేదు. 2001 నాటి విధానం 5.8 మీటర్ల స్పష్టత వరకే ఆంక్షలు లేకుండా ఇచ్చింది. 2011లో ఆ హద్దు ఒక మీటరుకు మారింది. 5.8 మీటర్ల చిత్రంలో చెరువు కనిపిస్తుంది గాని చెరువు గట్టును తొలిచి వేసిన గోడ కనిపించదు. నగరం చుట్టూ చెరువులు వేగంగా కుదించుకుపోయిన దశాబ్దం అదే కావడం చరిత్రకారుడు దాటవేయదగిన విషయం కాదు.

స్పష్టత పెరిగినంత మాత్రాన రెండు దస్త్రాలు ఒకే భాష మాట్లాడవు. రెవెన్యూ దస్త్రాల్లో ‘శిఖం’ అనే మాట ఉంది. నీరు నిండినప్పుడు చెరువుగానూ, తగ్గినప్పుడు సాగుభూమిగానూ ఉండే నేల అది. ఆ నేలపై సాగుకు అనుమతి ఉండవచ్చు, కట్టడానికి ఉండదు. ఉపగ్రహ చిత్రాల వర్గీకరణలో ఇటువంటి ద్వంద్వానికి చోటు తక్కువ. వానాకాలపు చిత్రంలో అది జలరాశి, వేసవి చిత్రంలో ఖాళీ నేల. కోర్టులో ఎవరికి అనుకూలమైన నెల చిత్రం వారు తెచ్చుకోవచ్చు. అలుగు, తూము, మత్తడి వంటి మాటలు నీటి మట్టాన్ని తెలిపే గుర్తులు; మత్తడి పొర్లే ఎత్తే నిండు మట్టం. ఈ పదజాలాన్ని పట్టికలోకి ఎక్కించకుండా జరిగే సమాచార మార్పిడిలో చెరువు వైశాల్యం చేరుతుంది గాని చెరువు స్వభావం చేరదు. తెలుగు శాఖలు చేయగలిగిన పని ఇక్కడ ఉంది. సేత్వార్, ఖాస్రా పహాణీలలోని ఉర్దూ, తెలుగు పదాల నిఘంటువు పర్యావరణ శాఖకు సాంకేతిక సామగ్రితో సమానం.

ఏ భాషలో తిరిగి వస్తుంది?

సమాచారం రాష్ట్రం నుంచి కేంద్రానికి ఇంగ్లీషులో వెళ్తుంది. తిరిగి ప్రజలకు చేరేటప్పుడు ఏ భాషలో రావాలన్న ప్రశ్నకు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన కొంత సమాధానం ఇచ్చింది. అనుమతి కేంద్రానిదైనా ప్రజాభిప్రాయ సేకరణ రాష్ట్ర మండలి జరపాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. ప్రకటన ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. ఆచరణలో సారాంశం తెలుగులో వచ్చినా, గాలి, నీరు, నేల కొలతలతో నిండిన అసలు నివేదిక వందల పుటల ఇంగ్లీషులోనే ఉంటుంది. 2020లో దాని స్థానంలో కొత్త ముసాయిదా వచ్చినప్పుడు, దానిని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. భాషను సౌకర్యంగా కాక అభిప్రాయం చెప్పే హక్కులో భాగంగా చూసిన ఆదేశం అది.

రాష్ట్రం తరఫున 1992లో స్వీడన్ సహాయంతో హైదరాబాద్‌లో ఏర్పడిన పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ కేంద్రపు పర్యావరణ సమాచార వ్యవస్థకు రాష్ట్ర కేంద్రంగా పనిచేసింది. 2012లో కేంద్రం జాతీయ దత్తాంశ పంపిణీ విధానాన్ని, 2016లో తెలంగాణ తన బహిరంగ దత్తాంశ విధానాన్ని ప్రకటించాయి. ‘డేటా’కు ‘దత్తాంశం’ అన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ఆ దత్తాంశమే తెలుగులో ఇంకా స్థిరపడలేదు.

బోయిన్‌పల్లి మార్కెట్ చెత్త లెక్క నడిచే దారి ఇందుకు దృష్టాంతం. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం శుద్ధి కేంద్రం నడిపేవారు ఏప్రిల్ 30లోగా స్థానిక సంస్థకు నివేదిక ఇవ్వవలసి ఉండేది. స్థానిక సంస్థ జూన్ 30లోగా రాష్ట్ర మండలికి, రాష్ట్ర మండలి జూలై 31లోగా కేంద్ర మండలికి పంపవలసి ఉండేది. కేంద్ర మండలి ఆగస్టు 31లోగా దేశవ్యాప్త సమీక్ష సిద్ధం చేసి కేంద్ర మంత్రిత్వశాఖలకు అందజేయవలసి ఉండేది. పైకి వెళ్ళే ప్రతి మెట్టుకూ ఒక తేదీ ఉండేది. ఆ సమీక్ష మార్కెట్ యార్డుకు తిరిగి రావడానికి నిబంధనల్లో తేదీ రాయలేదు.