జేబుదొంగ హీరో అయిన కథ

చింతామణి బస్టాండులో దిగగానే మనం మొదట చేసే పని జేబు తడుముకోవడం. అదే మనం తెరమీద జేబుదొంగ కనిపిస్తే ఈల వేస్తాం. ఈ మోజు మొదలైంది 1943లో.

ఆ ఏడు బాంబే టాకీస్ వారి 'కిస్మత్' వచ్చింది. దర్శకుడు జ్ఞాన్ ముఖర్జీ. జైలునుంచి విడుదలైన అశోక్ కుమార్, మరో దొంగ కొట్టేసిన గడియారాన్ని ఆ దొంగ జేబులోంచే కొట్టేస్తాడు. ఆ గడియారం ఒక పేద ముసలాయనది. కూతురి నాట్యం చూడటానికి దాన్ని అమ్ముకోవాలనుకున్నాడాయన. జేబు పోయినవాడికి కూడా ఒక ముఖం, ఒక బాధ ఇచ్చిన సినిమా అది. అనిల్ బిశ్వాస్ సంగీతం జనాన్ని మళ్లీమళ్లీ రప్పించింది. కలకత్తా రాక్సీలో మూడేళ్లకు పైగా ఆడింది.

అదే కథ 1956లో తెలుగులో 'భలేరాముడు' అయింది. అక్కినేని, సావిత్రి నటించారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. మన బాగేపల్లి, చిక్కబళ్లాపురం పెద్దవాళ్లకు ఆ పాటలు ఇప్పటికీ నోటికి వస్తాయి.

అయితే నాకు ఒక పేచీ ఉంది. 'కిస్మత్' చివర ఆ దొంగ ఒక ధనవంతుడి తప్పిపోయిన కొడుకని తేలుతుంది. పుట్టుక మంచిది కాబట్టి క్షమాపణ! ఆ సినిమా ఆడుతున్న రోజుల్లోనే, కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలని చెప్పే చట్టం అమలులో ఉంది. 1871లో తెల్లదొరలు తెచ్చిన ఆ నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. 1913లో ఎరుకలవారిని ఉంచడానికి స్టూవర్టుపురం వెలసింది. హాజరు వేయించుకోనిదే ఊరు కదలడానికి వీల్లేని బతుకు. చట్టం 1952లో రద్దయింది. అనుమానం మాత్రం అంత తొందరగా పోలేదు. అక్కడి పిల్లవాడికి తప్పిపోయిన ధనవంతుడైన తండ్రి ఎక్కడ దొరుకుతాడు?

'భలేరాముడు' వచ్చిన 1956లోనే హిందీలో రాజ్ ఖోస్లా 'సి.ఐ.డి.' వచ్చింది. ఓ.పి. నయ్యర్ సంగీతం, చీకటి వీధులు, దేవ్ ఆనంద్ టోపీ. మన తెలుగు 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన వహీదా రెహమాన్‌కు అదే తొలి హిందీ చిత్రం. అందులో జానీ వాకర్ మాస్టర్ అనే జేబుదొంగ. హత్య జరిగిన చోట ఉన్నాడు, హంతకుణ్ణి చూశాడు. నోరు విప్పితే హంతకుల భయం, విప్పకపోతే పోలీసుల భయం. రఫీ, గీతాదత్ పాడిన బొంబాయి పాట అతనిమీదే తీశారు. ఆ నగరంలో బతకడం ఎంత కష్టమో నవ్వుతూ చెప్పే పాట అది. మాస్టర్ ఎవరి కొడుకని ఆ సినిమాలో ఎవరూ అడగరు.