ఎడారిలో నిలిచిన సంసారములు

వలసల చరిత్రను చదువునపుడు మనకు మొదట కనబడువారు నాయకులు. దారి తీసినదెవరు, నగరమునకు పునాది వేసినదెవరు అను ప్రశ్నలకు గ్రంథములలో సమాధానములు సులభముగా దొరకును. ఆ దారిలో పొయ్యి రాజేసినదెవరు, బండిలో బిడ్డను కన్నదెవరు, ఆ బిడ్డనే బాట ప్రక్కన పూడ్చి మరునాడు నడక సాగించినదెవరు అను ప్రశ్నలు మాత్రము వెనుకబడిపోవును. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికాలో మార్మను మతస్థులు సాగించిన వలసను మేము ఈ రెండవ వరుస ప్రశ్నలతో పరిశీలింపదలచితిమి.

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్కు రాష్ట్రమున స్థాపించిన సంఘమిది. వీరు ఒక క్రొత్త గ్రంథమును పవిత్రమని నమ్ముటయు, ఒకేచోట భూములు కొని ఒక్క కట్టుగా ఓట్లు వేయుటయు ఇరుగుపొరుగు వారికి కంటగింపయ్యెను. 1838లో మిస్సోరీ గవర్నరు వీరిని రాష్ట్రమునుండి వెడలగొట్టుటకు ఆజ్ఞ యిచ్చెను. పిమ్మట ఇల్లినాయి రాష్ట్రమున మిస్సిసిపీ తీరమందు నావూ పట్టణమును కట్టుకొనిరి. 1844 జూన్ 27న అల్లరిమూక స్మిత్‌ను చెరసాలలోనే కాల్చి చంపెను. 1846 ఫిబ్రవరి చలిలో, బ్రిగ్హాం యంగ్ నాయకత్వమున, కట్టిన యిండ్లు విడిచి వారు నది దాటిరి.

ఆ సంవత్సరపు శీతకాలము వేలమందికి మిస్సోరీ నది యొడ్డున, ఇప్పటి ఒమాహా నగర ప్రాంతమున, కొయ్య గుడిసెలలోను, నేల త్రవ్విన గుంతలలోను గడచెను. కాయగూరలు లేక స్కర్వీయు, దానికి తోడు చలిజ్వరమును వ్యాపించి వందలమంది మరణించిరి. మెక్సికో యుద్ధమునకు దాదాపు 500 మంది పురుషులు సైన్యములో చేరి వెళ్ళినందున అనేక కుటుంబములకు మగదిక్కు లేకపోయెను. ఆ శిబిరమున గుడిసె గుడిసెకు తిరిగి కాన్పులు చేసిన మంత్రసాని పాటీ సెషన్స్ దినచర్య వ్రాసి యుంచినది. ఏ రాత్రి ఎవరింట బిడ్డ పుట్టినది, ఎవరింట దీపము ఆరినది అందు కానవచ్చును. భర్త మరియొక భార్యను చేసికొనగా తాను పడిన వేదనను కూడ ఆమె దాచలేదు. 1847లో, ఏబదిరెండేండ్ల వయస్సున, ఎడ్లబండిని తానే తోలుకొని ఆమె సాల్ట్ లేక్ లోయకు చేరెను.

అదే సంవత్సరము జూలై 24న బ్రిగ్హాం యంగ్ ఆ లోయలో ప్రవేశించి యుండెను. ముందు నడచిన ఆ బిడారులో 143 మంది పురుషులు, ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. నేల గట్టిదై నాగలి విరుగగా, ఏటినీరు మళ్ళించి తడిపి దున్నిరి. మట్టి కప్పిన ఇండ్ల కప్పులు వాన కారినవి. 1848లో మంచు కొంత పైరును చంపగా, మిడుతజాతి పురుగుల దండు మరికొంత తినివేసెను. గల్ పక్షులు గుంపులుగా వచ్చి ఆ పురుగులను మ్రింగుటచే కొంత పంట దక్కినది. తల్లులు సెగో లిల్లీ దుంపలు త్రవ్వి పిల్లల ఆకలి తీర్చిరి. ఒక్కమాట మరువరాదు. అది నిర్జనమైన లోయ కాదు. షోషోనీ, యూట్ జాతులవారు తరతరములుగా తిరుగాడిన భూమి అది. క్రొత్తవారి సంసారములు నిలద్రొక్కుకొనిన కొలది వారి సంసారములు నీటికిని, వేటకును దూరమైనవి.

బండ్లకు, ఎడ్లకు ధనము చాలని బీదవారికై 1856లో చేతిబండ్ల పద్ధతి ప్రారంభమయ్యెను. ఐరోపానుండి వచ్చిన కుటుంబములు రెండు చక్రముల బండిని తామే లాగుకొనుచు వేయి మైళ్ళకు పైగా నడచినవి. మనిషికి 17 పౌనుల సామాను మాత్రమే అనుమతి. దుప్పటి ఉంచుకొనవలెనా, వంటపాత్ర ఉంచుకొనవలెనా అని ఇల్లాలు తేల్చుకొనవలసిన లెక్క అది. ఆ యేట ఆలస్యముగా బయలుదేరిన రెండు బిడారులు అక్టోబరులో వయోమింగు మంచులో చిక్కుకొనగా 200 మందికి పైగా మరణించిరి. వార్త అందగానే సాల్ట్ లేక్‌లోని కుటుంబములు పిండియు, దుప్పట్లును బండ్లకెత్తి పంపుటచే మిగిలినవారు బ్రతికిరి.

లోయ చేరిన పిదపను కష్టము తీరలేదు. మతప్రచారమునకు సంఘము పిలిచినచో పురుషుడు జీతము లేకయే సంవత్సరముల తరబడి విదేశమునకు పోవలెను. 1853లో రిచర్డ్ బ్యాలంటైన్ అను ప్రచారకుడు మన మదరాసునకు వచ్చినదిట్లే. సేద్యము, అప్పు, పిల్లల చదువు ఇల్లాలి పాలు. 1852లో బహిరంగముగా ప్రకటింపబడిన బహుభార్యాత్వము ఈ భారమును పెంచినది. అధికసంఖ్యాకులు ఏకపత్నీ కుటుంబములవారే యైనను, తక్కిన యిండ్లలో ఒక పురుషుని సంపాదన పలు పొయ్యిలకు పంచబడెను. 1880 తరువాత సమాఖ్య ప్రభుత్వము కఠినముగా చట్టమును అమలు జరుపగా వేయిమందికి పైగా పురుషులు శిక్షింపబడిరి. భార్యలు బిడ్డలతో అజ్ఞాతవాసము చేసిరి. 1890లో సంఘము ఆ ఆచారమును విరమించుచున్నట్లు ప్రకటించెను.

ఈ చరిత్ర అంతయు ఒక్క జీవితములో ఇమిడియున్నది. వేల్సులో పుట్టిన మార్తా హ్యూస్ నాలుగేండ్ల బాలికగా 1861లో యూటా చేరెను. దారిలో పసిచెల్లెలు మరణించెను. చేరిన మూడవ నాడు తండ్రి మరణించెను. ఆమె చదువుకొని 1880లో వైద్యురాలయ్యెను. ఆంగస్ కానన్‌కు నాలుగవ భార్యయై, భర్తకు ప్రతికూలముగా సాక్ష్యము చెప్పవలసి వచ్చునని పసిబిడ్డతో ఇంగ్లండుకు తరలిపోయెను. యూటా స్త్రీలకు 1870లో వచ్చిన ఓటుహక్కు 1887లో తొలగింపబడి 1896లో మరల లభించెను. ఆ సంవత్సరపు ఎన్నికలలో గెలిచి ఆమె అమెరికాలో రాష్ట్ర సెనేటు సభ్యురాలైన తొలి మహిళ యయ్యెను. ఓడిన అభ్యర్థులలో ఆమె భర్తయు ఒకరు.

కష్టము మంచిదని మేము చెప్పుట లేదు. బాట ప్రక్కన పూడ్చిన పసిబిడ్డలకు ఏ విజయమును బదులు కానేరదు. కాని పురుషులు యుద్ధమునకు, ప్రచారమునకు, చెరసాలకు పోయినపుడెల్ల ఇంటిని నిలిపిన చేతులే పిదప ఓటు వేసినవి, చట్టములు చేసినవి. ఆ ఎడారి నగరమునకు పునాది వేసినవారి పేర్లు శిలలమీద ఉన్నవి. దానిని నిలిపినవారి పేర్లకొరకు మనము పాటీ సెషన్స్ దినచర్య వంటి పుటలను విప్పవలెను.