పండ్ల దవాఖానలో దవడల వైద్యం

పటాన్‌చెరు దగ్గరి భానూర్‌లో భారత్ డైనమిక్స్ (బీడీఎల్) కర్మాగారం వచ్చింది. ఆ చుట్టుపక్కల పరిశ్రమలు పెరిగినకొద్దీ ముంబయి రహదారిపై లారీలూ పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. బండి మీంచి పడితే ముఖంలో తరచుగా విరిగేది కింది దవడ. అలాంటి బాధితులకు సర్కారు వైద్యంలో పెద్ద దిక్కు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి చెంతనున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల. మన వాళ్ల మాటలో పండ్ల దవాఖాన.

1959లో మొదలైన ఆ కళాశాలకు 2019లో అరవై ఏళ్లు నిండాయి. దాని చరిత్రలో ఎక్కువ పేజీలు నోటి, దవడల శస్త్రచికిత్స విభాగానికే దక్కాలని నా అభిప్రాయం.

దవడ విరిగితే పళ్ల డాక్టరు దగ్గరికెందుకని ఇప్పటికీ అడుగుతుంటారు. కాలి ఎముక కాస్త అటూఇటుగా అతికినా మనిషి నడుస్తాడు. దవడ వెంట్రుకవాసి పక్కకు అతికినా పై పళ్లూ కింది పళ్లూ కలవవు, ముద్ద నమలలేడు. అందుకే సర్జన్ ముందుగా పళ్లను పాత పొందికకు తెచ్చి, రెండు దవడలనూ తీగలతో బిగిస్తారు. విరిగిన ఎముక ఆ పొందికను బట్టే కుదురుకుంటుంది. ఒకప్పుడు ఆ తీగలు నెల, నెలన్నర ఉండేవి. అన్నాళ్లూ గంజి, పాలు, పలుచటి జావే ఆహారం. టైటానియం ప్లేట్లు, మరలు వచ్చాక ఎముకను లోపలే బిగిస్తున్నారు. చాలామంది కొద్ది రోజులకే మెత్తటి అన్నం తినగలుగుతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఛిద్రమైన సైనికుల ముఖాలను సరిచేయడానికి సర్జన్లూ దంతవైద్యులూ కలిసి పనిచేసినప్పుడు ఈ దవడల శస్త్రచికిత్స బాగా ఎదిగింది. మన దేశంలో ఈ సర్జన్ల సంఘం 1969లో ఏర్పడింది.

గ్రహణం మొర్రి, అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం, దవడలో గడ్డలు కూడా వీరి పనే. గుట్కా నమిలి నమిలి బుగ్గలు బిగుసుకుపోయిన వాళ్లు వస్తే మరీ బాధేస్తుంది. నిలువుగా పెట్టిన మూడు వేళ్లు నోట్లో పట్టడం లేదంటే ఆలస్యం చేయకూడదు. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు.

షిఫ్టుకు బండి మీద వెళ్లే తమ్ముళ్లకు ఒక మనవి. హెల్మెట్ పెట్టుకోండి, గడ్డం కింద పట్టీ బిగించండి. దెబ్బ తగిలాక పళ్లు మునుపటిలా కలవకపోతే దవడ విరిగిందేమోనని అనుమానించి, ఆ రోజే దవాఖానకు వెళ్లండి.