వాల్వు రేడియోలు: చేతి వైరింగు, ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు

వాల్వు రేడియోను తిరగేసి అడుగున చూస్తే, అది సుమారు ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది. 1950కి ముందటి సెట్లలో ఉక్కు ఛాసిస్‌కు వాల్వు సాకెట్లు బిగించి, వాటి కాళ్లకూ ట్యాగ్ స్ట్రిప్పులకూ మధ్య రెసిస్టర్లను, కెపాసిటర్లను (మన పాత మెకానిక్కుల మాటలో కండెన్సర్లను) వాటి సొంత తీగలతోనే కట్టి టంకం పెట్టేవారు. దీన్ని చేతి వైరింగు, పాయింట్ టు పాయింట్ వైరింగు అంటారు. కాకిగూడులా కనిపించినా అందులో లెక్క ఉంది. వాల్వుకు సిగ్నల్ అందించే గ్రిడ్ తీగ పొట్టిగా ఉండాలి, వాల్వును లోపలి నుంచి వేడిచేసే హీటర్‌కు ఏసీ మోసుకెళ్లే తీగలు దానికి దూరంగా పోవాలి. ఇది తప్పితే స్టేషన్‌తో పాటు గుయ్‌మనే హమ్మూ వినిపిస్తుంది.

ఈ పనిని అచ్చుయంత్రానికి అప్పగించవచ్చని నిరూపించినవాడు పాల్ ఐస్లర్. 1907లో వియన్నాలో పుట్టి, 1936లో ఇంగ్లండ్ చేరిన ఈ ఇంజనీరు రాగిరేకు మీద సర్క్యూట్ గీతలను అచ్చువేసి, మిగతా రాగిని ఆమ్లంతో కరిగించే పద్ధతిలో రేడియో తయారుచేశాడు. అప్పటి కంపెనీలకు అది అక్కరలేకపోయింది. వైరింగు చేసే ఆడపిల్లల కూలి అంతకన్నా చౌక. ఆయన 1943లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఈలోగా అమెరికా సైన్యం విమాన విధ్వంసక గుండ్లలోని ప్రాక్సిమిటీ ఫ్యూజుల (లక్ష్యం దగ్గరకు రాగానే గుండును పేల్చే సాధనాల) కోసం పింగాణీ పలకల మీద వెండి సిరాతో సర్క్యూట్లను అచ్చువేయించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948లో, ఈ విద్య పౌర పరిశ్రమకు అందుబాటులోకి వచ్చింది.

మధ్యలో ఒక విచిత్రమైన ప్రయత్నం జరిగింది. ఇంగ్లండ్‌లో జాన్ సార్గ్రోవ్ 1947 నాటికి ఒక యంత్రాన్ని నిలబెట్టాడు. బేకలైట్ పలకను ఒకవైపు నుంచి పంపితే, దాని పల్లాల్లో లోహాన్ని చిమ్మి తీగలనూ కెపాసిటర్లనూ అదే తయారుచేసేది. ఆ చౌక రేడియోలను భారత్, చైనా మార్కెట్ల కోసం తలపెట్టారు. అవి మన ఇళ్లదాకా రాలేదు.

అమెరికాలో మోటరోలా 1952 ప్రాంతంలో అచ్చు సర్క్యూట్ల బాట పట్టింది. అసలు చిక్కు అక్కడే బయటపడింది. అప్పటి చౌక టేబుల్ రేడియోల్లో 12బీఈ6, 12బీఏ6, 12ఏవీ6, 50సీ5, 35డబ్ల్యూ4 అనే ఐదు వాల్వులను వరుసగా కలిపేవారు. 0.15 ఆంపియర్ల కరెంటు మీద వాటి హీటర్లకే సుమారు 18 వాట్లు ఖర్చు. అందులో 50సీ5 వాటా ఏడున్నర వాట్లు. బోర్డేమో ఫీనాలిక్ రెజిన్‌లో తడిపిన కాగితం. ఏళ్ల తరబడి ఆ సెగకు సాకెట్ చుట్టూ గోధుమరంగుకు తిరిగి, బొగ్గై, చివరికి కరెంటును పోనిచ్చే స్థితికి వచ్చేది. వాల్వు పీకి పెట్టినప్పుడల్లా బోర్డు వంగి రాగి గీతలో వెంట్రుకంత పగులు పడేది. టంకం మళ్లీ పెట్టబోతే గీతే ఊడి వచ్చేది.

షికాగోకు చెందిన జెనిత్ ఈ బలహీనతను ప్రచారానికి వాడుకుంది. తన టీవీల్లో ప్రింటెడ్ సర్క్యూట్లే లేవని, అంతా చేతి పనేనని 1960 దశకంలోనూ ప్రకటనలు ఇచ్చింది. చేతి వైరింగుకున్న కీర్తిలో ఈ ప్రకటనల పుణ్యమూ కొంత ఉంది. అచ్చు సర్క్యూట్ ఉన్నంతమాత్రాన ధ్వని చెడదు. పైగా ప్రతి సెట్టులోనూ గీతలు ఒకే చోట ఉంటాయి కనుక సెట్టుకూ సెట్టుకూ తేడా తగ్గుతుంది. చేతి వైరింగు సెట్లు అంత మన్నికైనవీ కావు: వాటిలోని మైనపు కాగితపు కెపాసిటర్లు కాలక్రమంలో లీకవుతాయి. తేడా అల్లా రిపేరులో ఉంది. ట్యాగ్ స్ట్రిప్ మీది భాగాన్ని ఎన్నిసార్లయినా విప్పి కట్టవచ్చు.

ప్రింటెడ్ బోర్డుకు సరైన జోడీ 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1తో దొరికింది. నాలుగు ట్రాన్సిస్టర్ల ఆ జేబు రేడియోకు కావలసిన విద్యుత్తు మిల్లీవాట్లలోనే. బోర్డును కాల్చే వేడి అందులో లేదు. 1950ల నాటి వాల్వు బోర్డులను నేడు బాగుచేసేవారు మాత్రం పగిలిన గీతల మీదుగా తీగ ముక్క పరిచి, రెండు కొసలకూ చేత్తోనే టంకం పెడుతున్నారు.