తట్టా చెమ్మస్ నుంచి సెన్సర్ దాకా

మన బడి గంట కన్నా ముందు మనల్ని లేపేది బాయి సైరన్. ఆ బాయి ఎలా మారిందో ఈ స్వర్ణోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగితే కాదనలేకపోయాను.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించాడు. భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లే అంటుకున్నాయని మన పెద్దలు ఇంకో కథ చెప్పేవారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఆ తర్వాత డ్రిల్లులొచ్చినా, కోత యంత్రాలొచ్చినా, పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి టబ్బులో పోసింది చాలాకాలం మనిషే. దాన్నే తట్టా చెమ్మస్ పని అనేవారు. మా నాన్న చేసింది అదే.

నాన్నకు చదువు రాదు, పైకప్పును మాత్రం చదివేవాడు. కర్రతో కొడితే ఖంగుమంటే భయం లేదు. డొల్ల మోత వస్తే పొర విడిపోయినట్టు. ఆసరా దుంగ కిర్రుమంటే తట్ట అక్కడే వదిలేసి ఉరకాలి. ఇనుప ఆసరాలను ఆయన నమ్మేవాడు కాదు. కట్టె ముందే చెబుతుంది, ఇనుము చెప్పదు అనేవాడు.

1983లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్ దిగింది. యంత్రం బొగ్గు గోడను చెక్కుకుంటూ పోతుంటే హైడ్రాలిక్ ఆసరాలు దాని వెంటే ముందుకు జరుగుతాయి, వెనక పైకప్పును కావాలనే కూలనిస్తారు. ఇప్పుడు ఆ ఆసరాల మీద ఎంత బరువు పడుతోందో, గాలిలో మీథేన్ ఎంతుందో సెన్సర్లు చెబుతాయి. ఓపెన్‌కాస్ట్ గట్టు మిల్లీమీటరు కదిలినా రాడార్ పట్టేస్తుంది.

ఇందులో లాభమెంతో నష్టమూ అంతే కనిపిస్తుంది నాకు. 1990-91లో రెండు కోట్ల టన్నులలోపే ఉన్న ఉత్పత్తి 2023-24లో ఏడు కోట్లు దాటింది. ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల పుణ్యమే. అప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నారు. కాంట్రాక్టు కార్మికులు ఈ లెక్కలోకి రారు, వాళ్ల సంగతి ఇంకో వ్యాసం. నాన్న ఉద్యోగం మనకొస్తుందన్న ధీమాతో పదో తరగతి పుస్తకాలు మూసేసిన మిత్రులు మన బ్యాచులోనే ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఆ ధీమా లేదు.

నిరుడు మన కలయికకు అలాంటి ఒక మిత్రుడు కొడుకుతో వచ్చాడు. కుర్రాడు గని కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తున్నాడు. తెర మీద గీత ఎర్రబడితే ఏం చేస్తారని అడిగాను.

"లోపలున్నోళ్లను బయటికి పిలుస్తం కాకా."

"ఎర్రబడకున్నా ఓసారి దిగి, కర్రతో కొట్టి చూడుండ్రిరా" అన్నాడు వాళ్ల నాన్న.