పిడుదును గుర్తుపడితే మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది

హైదరాబాద్ పాతబస్తీలోని ఫలక్‌నుమా వంటి చోట్ల పశువులకు స్థలం తక్కువ. ఒకే ప్రహరీ లోపల గేదెలు, మేకలు, కోళ్లు, కుక్క కలిసి ఉంటాయి. బక్రీద్ ముందు బయటి నుంచి తెచ్చిన మేకలు, గొర్రెలను కూడా అదే గోడ పక్కన కట్టేస్తారు. వాటితోపాటు పిడుదులు (కొన్ని చోట్ల గోమార్లు అంటారు) కూడా కొట్టంలోకి వస్తాయి. ఊళ్లలోని చిన్న రైతుల కొట్టాల్లోనూ ఇదే పరిస్థితి.

మందు కొట్టినా కొద్ది రోజులకే పిడుదులు మళ్లీ కనిపిస్తున్నాయని చాలామంది రైతులు అంటుంటారు. పిడుదు గోడ పగుళ్లలో దాక్కుని ఉంటే, పశువు మీద మాత్రమే మందు కొట్టడం వల్ల ప్రయోజనం ఉండదు. అందుకే ముందుగా అది ఏ రకం పిడుదో గుర్తించాలి.

పిడుదేనా, కాదా?

పెరిగిన పిడుదుకు 8 కాళ్లు, అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు 6 కాళ్లు ఉంటాయి. పేనుకు ఎప్పుడూ 6 కాళ్లే. రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బిన ఆడ పిడుదును చూసి రకం చెప్పడం కష్టం. పక్కనే ఉన్న చిన్న, చదునైన పిడుదులను భూతద్దంతో చూడాలి.

ముఖ్యమైన రకాలు

1. పశువుల పిడుదు (రిపిసెఫాలస్ మైక్రోప్లస్): చిన్నది. నోటి భాగం చాలా పొట్టిగా, కాళ్లు లేత రంగులో ఉంటాయి. గంగడోలు, మెడ, పొదుగు, తొడల లోపలి వైపు ఎక్కువగా పడుతుంది. పిల్ల దశ నుంచి పెద్దదయ్యే వరకు సుమారు 3 వారాలు ఒకే పశువు మీద గడుపుతుంది. ఆ తర్వాత ఆడ పిడుదు నేల మీద పడి వేల గుడ్లు పెడుతుంది.

2. చారల కాళ్ల పిడుదు (హయలోమ్మా అనటోలికమ్): నోటి భాగం పొడవుగా ముందుకు పొడుచుకు వస్తుంది. గోధుమ రంగు కాళ్ల మీద తెల్లటి పట్టీలు ఉంటాయి. పొదుగు, తోక కింద, చెవుల్లో చూడాలి. ఇది రక్తం తాగి, పశువును వదిలి గోడ పగుళ్లలో కుబుసం విడిచి, మళ్లీ పశువును పడుతుంది.

3. మేకలు, గొర్రెల చెవి పిడుదు (హీమాఫైసాలిస్): చాలా చిన్నది. భూతద్దంలో చూస్తే నోటి పక్క భాగాలు రెండు వైపులా వెడల్పుగా బయటికి వచ్చినట్టు ఉంటాయి. కాళ్ల మీద పట్టీలు ఉండవు.

4. కుక్క పిడుదు (రిపిసెఫాలస్ సాంగ్వినియస్): ఒళ్లంతా ఒకే ఎర్ర గోధుమ రంగు. నోరు పొట్టి. వెనుక అంచున చిన్న చిన్న నొక్కులు ఉంటాయి. కుక్కను వదిలి గోడల పైకి పాకుతుంది.

5. కోళ్ల పిడుదు (ఆర్గస్ పర్సికస్): వీపు మీద గట్టి పెంకు ఉండదు. చర్మం తోలులా ముడతలుగా ఉంటుంది. పై నుంచి చూస్తే నోరు కనిపించదు. రాత్రి మాత్రమే వచ్చి రక్తం తాగి, పగలు గూటి చెక్కల సందుల్లో దాక్కుంటుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కోళ్లు పాలిపోతుంటే రాత్రి టార్చిలైటుతో గూడు చూడాలి.

ఏ జంతువు మీద దొరికిందో చూసి మాత్రమే రకం తేల్చకూడదు. మేకల మీద మొదటి రెండు రకాలు కూడా పడతాయి.

ఎందుకు ముఖ్యం?

పిడుదు పశువుకు జబ్బు అంటిస్తుందని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించారు. వారు పరిశోధించిన జబ్బు బబేసియోసిస్. మన దగ్గర దీన్ని పశువుల పిడుదు వ్యాపింపజేస్తుంది. జ్వరంతోపాటు మూత్రం కాఫీ రంగులో వస్తుంది. చారల కాళ్ల పిడుదు థైలేరియాసిస్‌ను అంటిస్తుంది. తీవ్ర జ్వరం, భుజం ముందు గడ్డల వాపు, పాలు తగ్గడం, చిగుళ్లు పాలిపోవడం దీని లక్షణాలు. సంకర జాతి ఆవులకు ప్రాణాపాయం ఎక్కువ. రెండు జబ్బులకూ మందులు వేరు కాబట్టి వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

మనుషులూ జాగ్రత్తపడాలి. హయలోమ్మా జాతి పిడుదులు క్రిమియన్-కాంగో జ్వరాన్ని మనుషులకు అంటించగలవు. దేశంలో ఈ జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడింది. పిడుదులను గోటితో నలపకూడదు.

నమూనా తీయడం

చేతికి గ్లౌజులు వేసుకుని, పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. చెవి, పొదుగు, తోక కింద నుంచి కనీసం పది పిడుదులను తీసి స్పిరిట్ ఉన్న సీసాలో వేయాలి. ఏ జంతువు మీద ఎప్పుడు తీశారో చీటీ మీద రాయాలి. దగ్గరలోని పశువైద్యశాలలో చూపించాలి. ఫలక్‌నుమా పరిసరాల వారికి రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల దగ్గరే.

మందు ఎక్కడ కొట్టాలి?

• పశువుల పిడుదు: పశువు ఒళ్లంతా తడిసేలా పిచికారీ చేసి, 2-3 వారాలకు మళ్లీ చేయాలి.
• చారల కాళ్ల పిడుదు, కుక్క పిడుదు: జంతువుతోపాటు గోడలు, నేల పగుళ్లలో కూడా ఒకే రోజు కొట్టాలి. పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. ఇళ్లు ఆనుకుని ఉన్న చోట గోడలను మంటతో కాల్చవద్దు.
• చెవి పిడుదు: చెవుల లోపలి వైపు ప్రత్యేకంగా చూడాలి. మందు చెవి రంధ్రంలోకి పోయకూడదు.
• కోళ్ల పిడుదు: కోళ్లను బయటికి తీసి గూటి సందుల్లో కొట్టాలి. పూర్తిగా ఆరిన తర్వాతే కోళ్లను లోపలికి వదలాలి.

పశువులకు డెల్టామెత్రిన్ (1.25 శాతం) లేదా అమిట్రాజ్ (12.5 శాతం) ఏదో ఒకటి లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున పశువైద్యుని సలహాతో వాడాలి. మోతాదు తగ్గిస్తే పిడుదులు మందుకు అలవాటు పడతాయి. పిచికారీకి ముందు పశువుకు కడుపునిండా నీళ్లు తాగించాలి. కళ్లు, మూతికి మందు తగలనివ్వకూడదు. పాలు పితికే ముందు పొదుగు కడగాలి. గుర్రాలకు అమిట్రాజ్, పిల్లులకు డెల్టామెత్రిన్ వాడకూడదు.

కొత్తగా తెచ్చిన జంతువును చెవులు, తోక కింద, పొదుగు చూశాకే మందలో కలపాలి. జ్వరం వచ్చినా, మూత్రం రంగు మారినా ఆలస్యం చేయకుండా తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలు పొందవచ్చు.