ఉప్పెన, తుఫాను షెల్టరు, మంత్రసాని



తెలుగు పండితుణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. మా కృష్ణా తీరంలో వరద వేరు, ఉప్పెన వేరు. వరద నదిలో వస్తుంది. ఎగువ నుండి కబురు ముందే అందుతుంది. ఉప్పెన సముద్రం నుండి గాలితో కలిసి ఒక్కసారిగా మీద పడుతుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది అదే.

1977 నవంబరు 19న దివిసీమకు మళ్ళీ వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళలో పదిహేను అడుగులకు మించి నీరు లేచింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు దాదాపు పదివేలు. అందులో ఎక్కువమంది తాటాకు గుడిసెల్లో బ్రతికిన జాలరులు, యానాదులు, వ్యవసాయ కూలీలు. ఎక్కి నిలబడడానికి వారికి ఒక్క డాబా అయినా లేదు. ఆ తరువాతనే తీరం వెంట తుఫాను షెల్టర్లు వెలిశాయి. మామూలు రోజుల్లో వాటిలో చాలావరకు బడులే. అటువంటి ఒక బడిలో నేనూ పాఠాలు చెప్పాను.

1990 మే 9న ఇంచుమించు అంతటి తుఫానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షలమందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. కబురు, దారి, గోడ - ఈ మూడే ఆ తేడాకు కారణం.

అయితే ఆ రాత్రి మా షెల్టరులో ఒక కూలి ఇల్లాలికి నొప్పులు వచ్చాయి. నర్సు లేదు, మందులు లేవు, దారి మునిగిపోయింది. ఊరి మంత్రసాని లాంతరు వెలుగులో చేయగలిగినదంతా చేసింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ శిశువు ఏ తుఫాను లెక్కలోకీ ఎక్కలేదు. నేను మర్నాడు అటెండెన్సు రిజిస్టరు తెరచి, చాలాసేపు ఊరకే కూర్చున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఆ రాత్రే గుర్తుకు వచ్చింది. డ్రోనులతో అన్నం, మందులు అందించారు; సంతోషమే. కాని ఏ ఇంట్లో ఇన్సులిన్ అయిపోయిందో, ఎవరికి డయాలసిస్ తప్పిపోతున్నదో ఆకాశం నుండి కనబడదు.

ఇటీవలి తుఫానులలో నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకు చేరుస్తున్నారు. ఆ వార్త చదివిన ప్రతిసారీ నా కళ్ళు చెమరుస్తాయి. అది చేయగలిగింది పెద్ద యంత్రం కాదు, ఊరూరా పేర్లు వ్రాసిపెట్టుకున్న ఒక జాబితా. దానిలో రోగుల పేర్లు, మంచాన పడిన వృద్ధుల పేర్లు కూడా చేరాలి. గోడ ప్రాణాన్ని నీటి నుండి కాపాడుతుంది. ఆ తరువాత కాపాడవలసింది, మన పేరు తెలిసిన మనిషే.